రోడ్డు కంటే ముందు పైపు: మా మునిసిపాలిటీ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మునిసిపల్ కమిషనర్ గారికి, ఇప్పటిదాకా కౌన్సిల్‌లో కూర్చున్న వారికి, రేపు కూర్చోబోయే వారికి,

నమస్కారం. మునిసిపల్ ఆఫీసు ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్కనున్న జిరాక్స్ షాపు నాది. పెట్టి పదకొండేళ్ళయింది. మీ ఇన్‌వార్డులో స్టాంపు పడే అర్జీల్లో చాలా వరకు నా షాపులో టైపు చేసినవే. రాయడం రానివాళ్ళు నోటితో చెబుతారు. నేను టైపు కొట్టి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో పెట్టించి పంపిస్తాను. కుళాయి రావడం లేదు, కాలవ పూడిపోయింది, లైటు వెలగడం లేదు, పన్ను ఎక్కువ పడింది, రోడ్డు తవ్వి వదిలేశారు. ఇన్నేళ్ళు ఇవే వింటూ ఉన్నాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తోంది. మన ఊళ్ళో పనులు జరుగుతూనే ఉన్నాయి, డబ్బులు ఖర్చవుతూనే ఉన్నాయి. కానీ ఆ పనులకు ఒక వరస లేదు. ముందు చేయాల్సింది తర్వాత, తర్వాత చేయాల్సింది ముందు చేస్తున్నారు. ఆ ఖర్చు మునిసిపాలిటీ రెండుసార్లు పెట్టుకుంటోంది, బాధ మాత్రం జనం రోజూ పడుతున్నారు.

ఊరి పేరు రాయడం లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక చిన్న మునిసిపాలిటీ, అంతవరకు చాలు. ఏ ఒక్క అధికారినో ఏ ఒక్క పార్టీనో బజారున పెట్టాలని నాకు లేదు. దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళు చదివినా ఇందులో ఒకటో రెండో తమ వీధి సంగతులే అనుకుంటారని నా నమ్మకం.

ఇలా అందరిముందూ ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను. పోయిన ఏడాది వేసవికి ముందు మా వీధి, పక్కనున్న రెండు సందులు కలిపి అరవై మూడు ఇళ్ళవాళ్ళం పైపు కోసం తవ్విన గుంత పూడ్చమని సంతకాలు చేసి ఒక అర్జీ ఇచ్చాం. ఇన్‌వార్డులో తీసుకుని స్టాంపు వేశారు. నెలన్నర ఎదురుచూసి వార్డు సచివాలయంలో మళ్ళీ ఇచ్చాం. అదీ కదలకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. మూడు వారాలకు నా ఫోనుకు మెసేజి వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని. షాపు మూసేసి ఇంటికి వెళ్ళి చూశాను. పైపు కోసం తవ్విన గుంత అట్లాగే ఉంది. దాని చుట్టూ కట్టిన ఎర్ర రిబ్బను తెగి కాలవలో పడి ఉంది.

మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దామె ఉంది. వరసకు నాకు పెద్దమ్మ అవుతుంది. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే మునిసిపాలిటీ ఇచ్చిన రసీదులన్నీ దాచుకుంది. ఆ మధ్య షాపుకు వచ్చి కవరు విప్పి బల్ల మీద పరిచింది. మొత్తం పదకొండు. కొన్నింటి మీద స్టాంపు సిరా వెలిసిపోయి తేదీ కూడా కనపడడం లేదు. ‘‘అబ్బాయ్, ఇయ్యన్నీ కలిపి ఒకేసారి జిరాక్స్ తీసిస్తే చూస్తారంటావా?’’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు మీరే చెప్పాలి. అందుకే ఈ లేఖ.

1. వేసిన రోడ్డును తవ్వడం, తవ్విన రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేయడం

మా వీధికి సంక్రాంతి ముందు సీసీ రోడ్డు పడింది. సంతోషించాం. ముగ్గులు కొత్త రోడ్డు మీదే వేసుకున్నారు. ఆషాఢం వచ్చేసరికి తాగునీటి పైపులైను కోసం అదే రోడ్డును నిలువునా కోశారు. పైపు వేసి పైన మట్టి కప్పారు, సిమెంటు వేయలేదు. అడిగితే పైపు కాంట్రాక్టు వేరు, రోడ్డు పూడ్చే పని వేరు, దానికి ఎస్టిమేట్ వేయాలి అన్నారు. మొదటి వానకే మట్టి దిగబడింది. తెల్లవారుజామున పాలు పోసే అబ్బాయి బండి ఆ గాడిలో పడి చెయ్యి విరిగింది. నెలన్నర పాలు పోయలేదు. ఆ నెలన్నర అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

పైపు పడబోతోందని రోడ్డు వేసేనాటికే ఆఫీసులో తెలుసు. పైపుల పని మంజూరైన కాగితాలు అంతకు ముందే వచ్చాయి. ఒకే ఆఫీసులో రెండు బల్లల మధ్య ఒక మాట నడిచి ఉంటే సరిపోయేది. ముందు పైపు, తర్వాత కాలవ, ఆఖరున రోడ్డు. మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడు గోడలో పైపు పెట్టాకే పూత పూస్తాడు. ఊరి విషయంలో ఈ వరస ఎందుకు తప్పుతున్నామో నాకు అర్థం కావడం లేదు.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ పేదవాళ్ళ ఇళ్ళను ముంచేది ఇదే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తున్నారు. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కితే అరుగు. ఇప్పుడు వీధిలోంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి వెళుతున్నాం. ఇల్లు కుంగలేదు, రోడ్డే పెరిగింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇటు కురిసిన వానకు మా వీధిలో తొమ్మిది ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తొమ్మిదీ రోడ్డు కంటే పల్లంలో పడిపోయిన పాత ఇళ్ళే. డబ్బున్నవాళ్ళు ఇల్లు పడగొట్టి ఎత్తు పెంచి కట్టుకున్నారు. లేనివాళ్ళు మంచాల కింద ఇటుకలు పెట్టుకున్నారు. మా ఆవిడ ఇప్పటికీ మబ్బు పడితే చాలు, గడప దగ్గర ఇసుక బస్తా సర్దుతుంది.

2. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియకపోవడం

మన వైపు నేల కింద నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చని దేశ ప్రమాణం. పడమటి ప్రకాశంలో ఎన్నో బోర్లు ఆ గీత దాటినవే. గారపట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు మన ఊళ్ళలో ఎవరికీ కొత్త కాదు. అందుకే బోరు నీళ్ళు కాకుండా, సాగర్ కుడికాలువ నీళ్ళతో నింపే సమ్మర్ స్టోరేజీ ట్యాంకే మనకు ఆధారం. కాలువకు నీళ్ళు ఆపేశాక మళ్ళీ వదిలేదాకా ఆ ట్యాంకులో ఉన్నదే ఊరికి నీరు. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టారు. ఆ నీళ్ళు వచ్చి తీరాలి. వచ్చేలోగా ఉన్న ట్యాంకును ఎలా వాడుకుంటామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో పని.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాల్లో మనిషికి రోజుకు 70 లీటర్లు, ఉన్నచోట 135 లీటర్లు ఇవ్వాలని కేంద్రం పెట్టిన కొలత. మనకు భూగర్భ డ్రైనేజీ లేదు కాబట్టి తక్కువదే తీసుకుందాం. మా వీధికి నాలుగు రోజులకోసారి నీళ్ళొస్తాయి. అయిదుగురున్న ఇంటికి నాలుగు రోజులకు 1400 లీటర్లు కావాలి. అంటే 200 లీటర్ల డ్రమ్ములు ఏడు. సందులో ఒక్క గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో ఏడు డ్రమ్ములు ఎక్కడ పెట్టుకుంటారు? రెండో మూడో పెట్టుకుంటారు. మిగతా నీళ్ళు కొనుక్కుంటారు, లేదా స్నానాలు తగ్గించుకుంటారు. మూత సరిగా లేని డ్రమ్ములో నాలుగు రోజులు నిలవున్న మంచినీళ్ళలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. తర్వాత సచివాలయం వాళ్ళు ఇంటింటికీ వచ్చి డ్రమ్ములు ఖాళీ చేయమంటారు. ఖాళీ చేస్తే వంట దేనితో చేయాలి?

నాలుగు రోజులకోసారి రావడం కంటే పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ నాలుగో రోజు ఏ టైముకో తెలియకపోవడం. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి, ఒకసారి మిట్టమధ్యాహ్నం. మా పక్క సందు ఆడవాళ్ళు పొగాకు గ్రేడింగ్‌కు వెళతారు. నీళ్ళ రోజున ఇంటికొకరు పనికి పోకుండా కుళాయి దగ్గర కాచుకుని ఉంటారు. కొన్నిసార్లు ఆ రోజు నీళ్ళే రావు, మోటారు కాలిందంటారు. అప్పుడు మర్నాడు కూడా ఉండాలి. ఒక్క కుళాయి కోసం రెండు రోజుల కూలి. పైపు పగిలితే ఇంజనీరు రిపోర్టు రాస్తాడు. ఈ కూలి పోయిన లెక్క ఎవరు రాస్తున్నారు?

వాల్వు తిప్పే అతని ఫోన్ నంబరు తెలిసిన ఇళ్ళకు మాత్రం కబురు ముందే అందుతుంది. అతని తప్పేమీ లేదు, అడిగినవాళ్ళకు చెబుతున్నాడు. ఊరందరికీ చెప్పాల్సిన పని ఆఫీసుది.

3. కాలవ ఉంది, నీళ్ళు పోయే దారి లేదు

మా వార్డులో కొత్త సైడు కాలవ కట్టారు. పని బాగుంది, అబద్ధం చెప్పను. తిన్నగా వెళ్ళి వెళ్ళి ఒక కొత్త లేఅవుట్ ప్రహరీ గోడకు తగిలి ఆగిపోయింది. అక్కడికి ఎస్టిమేట్ అయిపోయిందట. ఆ గోడ అవతల ఒకప్పుడు కుంట ఉండేది. చిన్నప్పుడు గేదెలను అక్కడే కడిగేవాళ్ళం. వానాకాలం ఊరి నీళ్ళన్నీ ఆ కుంటలోకి చేరి, నిండితే అలుగు మీదుగా వాగులోకి పోయేవి. ఆ దారిని ఏ ఇంజనీరూ గీయలేదు, పల్లమే గీసుకుంది. కుంట పూడ్చి ప్లాట్లు వేశారు. అలుగు ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు పార్కింగ్.

కాలవలో నీళ్ళు నిలబడి నల్లబడ్డాయి. గోడ దగ్గరున్న నాలుగు ఇళ్ళవాళ్ళు సాయంత్రం అయిదయితే కిటికీలు మూసుకుంటారు. ఆ ఇళ్ళలో ఒకదాంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంది. మా షాపుకు ప్రాజెక్టు ప్రింట్లు తీయించుకోవడానికి వస్తుంది. దోమతెరలో కూర్చుని చదువుకుంటున్నానని చెప్పింది.

లేఅవుట్ వేసినవాళ్ళు 10 శాతం స్థలం ఖాళీగా ఊరికి వదలాలని నిబంధన. ఆ స్థలాలు ఎన్ని, ఎక్కడున్నాయి, ఎన్నింటికి కంచె ఉంది, ఎన్నింటిలో ఎవరైనా ఇల్లు కట్టేశారు? ఈ ప్రశ్నతో నా షాపులో కనీసం ఆరుగురు అర్జీ టైపు చేయించుకున్నారు. ఎవరికీ జవాబు రాలేదు. అనుమతి లేని లేఅవుట్‌లో చవకగా ప్లాటు కొనుక్కున్నవాడు ముందు మోసపోతాడు. తర్వాత రోడ్డు, లైటు, కుళాయి కావాలని మన దగ్గరకే వస్తాడు. అప్పుడు ఆ కొత్త కాలనీకి పైపు లాగుతారు. ఉన్న ట్యాంకు నీళ్ళనే ఇంకో వంద ఇళ్ళకు పంచుతారు. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళు మాకు నాలుగు రోజులయింది అలాగే. ఊరు పెరగొద్దని ఎవరూ అనరు. ఏ వైపు పెరగాలో, ఆ వైపు నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలో ముందు చూసుకుని అనుమతులివ్వమంటున్నాం. 2019లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ అని ఒక ఉద్యోగిని పెట్టారు. పునాది తవ్వే రోజే ఆయన వెళ్ళి చూస్తే స్లాబు పడ్డాక కూల్చే పని ఉండదు.

4. డబ్బు సంగతి

ఏది అడిగినా ఫండ్స్ లేవు అనే మాట వింటాం. కొంత నిజమే అయి ఉంటుంది, చిన్న ఊరి ఆదాయం చిన్నదే. కానీ మేము కట్టాల్సింది కడుతున్నాం. 2021 నుంచి ఇంటిపన్ను స్థలం, కట్టడం విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోవచ్చని పెట్టారు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపని మైకులో చెబితే జనం ఎండలో క్యూ కట్టి కట్టారు. ఆ నెల నా షాపులో డిమాండు నోటీసుల జిరాక్సులే ఎక్కువ. చెత్తకు కూడా కొన్నేళ్ళు నెలనెలా కట్టించుకున్నారు, 2024 చివర్లో అది ఎత్తేశారు, మంచిదే. కట్టిన డబ్బు ఏ వార్డులో ఏ పనికి పోయిందో మాత్రం కట్టినవాడికి ఎవరూ చెప్పలేదు.

పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో మన లాంటి ఊళ్ళకు 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని షరతు. కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకంలో 2021 అక్టోబర్ నుంచి చిన్న పట్టణాలకు కూడా తాగునీటి పనులు పెట్టారు. అంటే నీళ్ళకు, కాలవలకు విడిగా పేరు పెట్టి డబ్బు వచ్చింది. వచ్చిందెంత, ఖర్చయిందెంత, వాడుకోలేక మిగిలిందెంత అని ఒక్క కాగితం గోడకు అంటించి ఉంటే నేను ఈ పేరా రాసేవాణ్ణే కాదు. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ చదవండి. బడ్జెట్లు, ప్రణాళికలు, ఖర్చులు ఎవరూ అడగకముందే ఆఫీసే బయటపెట్టాలని అందులో ఉంది.

కొత్తది కట్టడానికి ఉన్న ఉత్సాహం ఉన్నదాన్ని కాపాడటానికి లేదు. గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022లో ఒకటి, 2023 డిసెంబర్‌లో ఇంకొకటి కొట్టుకుపోతే వదులుకున్న నీళ్ళెన్నో జిల్లా అంతా చూసింది. మన ఊరి ట్యాంకు గట్టుకు, మోటార్లకు, వాల్వులకు ఏటా ఇంత అని పక్కన తీసి పెట్టకపోతే మనకూ అదే గతి.

5. ఊరిని నడిపేవాళ్ళు

పారిశుద్ధ్య కార్మికుల గురించి ముందు రెండు మాటలు. వీధికి నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరితో నెట్టుకొస్తున్నారు. చేతికి గ్లవుజులు లేకుండా కాలవలో దిగిన మనిషిని ఈ నెలలోనే మా షాపు ముందు చూశాను. మనుషులతో మురుగు ఎత్తించకూడదన్న 2013 చట్టం వచ్చి ఇన్నేళ్ళయ్యాక కూడా ఇది చూడాల్సి రావడం మనందరికీ తలవంపు. ఇంట్లో ఆడవాళ్ళు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే బండిలో రెండూ ఒకే చోట పడుతున్నాయి, ఊరి చివర డంపింగ్ యార్డులో కాలుతున్నాయి. తోపుడు బండ్ల వాళ్ళది ఇంకో కథ. వీధి వ్యాపారుల కోసం వచ్చిన 2014 చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ వేసి, అందులో 40 శాతం వీధి వ్యాపారులనే కూర్చోబెట్టి, బండ్లకు చోటు చూపించాలి. మన దగ్గర బండ్లను ఎత్తేసే బండి వస్తోంది కానీ చోటు చూపించే మనిషి రావడం లేదు.

ఇక అసలు సంగతి. నా పదకొండేళ్ళలో ఏడుగురు కమిషనర్లు మారారు. అర్జీ మీద పేరు మార్చడం నా పని కాబట్టి ఈ లెక్క నాకు గుర్తుంది. వచ్చినవారికి ఊరు అర్థమయ్యేసరికి బదిలీ అవుతుంది. కొత్తవారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఒకసారి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, పాత కాలవల మ్యాపు మీరు ఎప్పుడో జిరాక్స్ తీశారట, కాపీ ఏమైనా ఉందా అని నన్ను అడిగారు. ఊరి కాలవల మ్యాపు జిరాక్స్ షాపులో వెతకాల్సి వచ్చిందంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2014లో గెలిచిన పాలకవర్గాల గడువు 2019లో ముగిసింది. 2021 మార్చి దాకా రాష్ట్రంలో మునిసిపాలిటీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచాయి. ఆ ఏడాదిన్నర పైగా మా వీధి సంగతి అడగడానికి కౌన్సిలర్ అనే మనిషే లేడు. రాజ్యాంగం 1993లోనే 74వ సవరణతో పట్టణాలకు సొంత పాలకవర్గం, అయిదేళ్ళ గడువు, గడువు ముగిసేలోగా ఎన్నిక అని రాసింది. పన్నెండో షెడ్యూలులో 18 పనులు ఇచ్చింది. అందులో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. రోడ్లు, నీళ్ళు, పారిశుద్ధ్యం అన్నీ దాని తర్వాతే వస్తాయి. నేను మొదటి నుంచి అంటున్న వరస అక్కడ రాసి పెట్టే ఉంది.

కౌన్సిల్ ఉన్నప్పుడైనా ఏం జరిగింది? మీటింగు అజెండా కాపీలు నా షాపులోనే తీశారు కాబట్టి కొన్ని చదివాను. వీధి దీపాలకు, స్వాగత తోరణానికి, బిల్లుల ఆమోదానికి తీర్మానాలున్నాయి. అయిదేళ్ళ తర్వాత ఊరికి ఎన్ని నీళ్ళు కావాలి అనే అంశం ఒక్క అజెండాలోనూ కనపడలేదు. ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ టంగుటూరి ప్రకాశం గారు రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడానికి చాలా ముందు రాజమండ్రిలో మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. మునిసిపాలిటీలో కూర్చోవడం చిన్న పని అని ఎవరూ అనుకోవద్దు. ఇంటింటికీ నీళ్ళొచ్చే పని అది.

మేము అడుగుతున్నవి ఇవి. కోట్లు ఖర్చయ్యేవి చాలా తక్కువ.

1. పైపు, కాలవ, కేబులు పూర్తయ్యాయని ఇంజనీరు సంతకం చేయనిదే ఏ వీధికీ కొత్త రోడ్డు బిల్లు పాస్ చేయొద్దు. పైపు వేసే కాంట్రాక్టులోనే రోడ్డు మళ్ళీ సిమెంటుతో పూడ్చే పని కలపండి. తవ్విన తేదీ, పూడ్చాల్సిన తేదీ ఆ వీధిలో బోర్డు మీద రాయండి.

2. కొత్త రోడ్డు వేసేముందు పాత పొర తీసేయండి. ఇళ్ళ గడపల ఎత్తు కొలిచి, రోడ్డు దానికి కిందే ఉండేలా వేయండి. ఇప్పటికే పల్లంలో పడిన ఇళ్ళ జాబితా రోడ్లు, నీళ్ళు చూసే వార్డు ఎమెనిటీస్ సెక్రటరీలతో రాయించండి. వానలకు ముందే ఆ వీధులు చూడండి.

3. ఏ వీధికి ఏ రోజు, ఏ గంటకు నీళ్ళో నెలకొకసారి ప్రకటించండి. తప్పితే కారణం చెప్పండి. ట్యాంకులో ఇంకా ఎన్ని రోజులకు నీళ్ళున్నాయో ఆఫీసు ముందు బోర్డు మీద వారం వారం రాయండి. చాక్‌పీసు చాలు. కుళాయి నీళ్ళ పరీక్ష ఫలితం, ఫ్లోరైడ్ అంకెతో సహా అక్కడే పెట్టండి.

4. ఊరి కాలవలు, కుంటలు, వాగుల మ్యాపు కొత్తగా గీయించి, ఏ నీళ్ళు ఎక్కడికి పోతాయో తేల్చండి. దారి లేని కాలవకు టెండరు పిలవొద్దు. లేఅవుట్‌ల 10 శాతం స్థలాల జాబితా సర్వే నంబర్లతో బయటపెట్టండి.

5. అయిదేళ్ళ పనుల జాబితా వార్డుల వారీగా, ఏది ముందో ఏది వెనకో రాసి, వార్డు కమిటీల ముందు పెట్టి, జనం మాట విన్నాకే తీర్మానం చేయండి. వచ్చిన గ్రాంటు, ఖర్చు, మిగులు మూడు నెలలకోసారి దాని పక్కనే ఉండాలి. కమిషనర్ బదిలీ అయితే పెండింగు పనుల కాగితం కొత్తవారికి సంతకం పెట్టి అప్పగించాలి. దాని కాపీ కౌన్సిల్‌లో చదవాలి.

6. అర్జీదారుడు పని అయిందని ఒప్పుకోకుండా ‘పరిష్కరించబడింది’ అని మూసేయొద్దు. చేయలేని పనైతే చేయలేమని, ఎందుకో కారణం రాసి ఇవ్వండి. అది కూడా మాకు జవాబే.

7. పారిశుద్ధ్య కార్మికులకు గ్లవుజులు, బూట్లు ఈ వారంలోనే ఇవ్వండి. దీనికి అయిదేళ్ళ ప్రణాళిక అక్కర్లేదు.

రేపు ఓట్ల కోసం మా వీధికి వచ్చే వారికీ ఇదే మనవి. మాకు ఏమేం కట్టిస్తారో చెప్పేముందు, ఏది ముందు కట్టిస్తారో, ఏది వెనక్కి పెడతారో చెప్పండి. వెనక్కి పెట్టేది మా వీధి పనే అయినా కారణం చెబితే వింటాం.

సమాచారం అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టంలో ఉంది. మేమూ ఆ 30 రోజులే అడుగుతున్నాం. జవాబు ఫోను మెసేజిగా వద్దు, సంతకంతో కాగితం మీద ఇవ్వండి. ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించినా చాలు. ఎదురుగానే ఉన్నాను, వచ్చి చదువుకుంటాను. చదవలేని వాళ్ళకు చదివి వినిపిస్తాను. అన్ని వార్డులకూ సరిపడా కాపీలు నా ఖర్చుతోనే తీసి పంచుతాను. పెద్దమ్మ కవరులోని పదకొండు రసీదుల కాపీలు ఈ లేఖకు జత చేశాను. తేదీలు వెలిసిపోయిన వాటి కింద ఆమెకు గుర్తున్న నెల పెన్నుతో రాశాను.

ఇట్లు,
మునిసిపల్ ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపు నుంచి,
అరవై మూడు ఇళ్ళ తరఫున